సున్నా అంటే కరెంటు లేనట్టేనా?

కంచె తీగకు మల్టీమీటర్ ఆనించి చూస్తే సున్నా. కాసేపటికి ఒకటో రెండో మెరిసి మళ్లీ సున్నా. అదే తీగను అటుగా వచ్చిన మేక ముట్టెతో తాకింది. అంతే... ఎగిరి రెండు బారల దూరంలో పడి అరుచుకుంటూ పరుగందుకుంది! మరి మీటర్ అబద్ధం చెప్పినట్టా? కాదు. దానికి తెలిసిన లెక్క వేరు, ఆ తీగలో జరుగుతున్న పని వేరు.

పొలం చుట్టూ సోలార్ కంచె వేసుకున్న రైతుకు ఎప్పుడో ఒకప్పుడు ఈ అనుమానం రాక తప్పదు. కొందరు దాన్ని ఝట్కా మిషన్ అంటారు. వేలకు వేలు పోసి కొన్నది పని చేస్తోందా లేదా అన్నది తేల్చుకోవడానికి చేతిలో ఉన్నది కరెంటు పనివాళ్లు వాడే మామూలు డిజిటల్ మీటర్. అదేమో సున్నా అంటోంది. ఇక్కడ రైతు తీసుకునే నిర్ణయం మీద ఒక్కోసారి ప్రాణాలే ఆధారపడి ఉంటాయి. ఎలాగో చూద్దాం.

మిల్లు ఒక పక్క... అడవి ఒక పక్క

భద్రాచలంలో రామయ్యను దర్శించుకుని గోదావరి వంతెన దాటి ఇవతలికి వస్తే సారపాక. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా బూర్గంపాడు మండలం. 2016 దాకా ఖమ్మం జిల్లా. ఊరి పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది కాగితం మిల్లు. 1975లో భద్రాచలం పేపర్‌బోర్డ్స్ పేరుతో పుట్టిన ఈ సంస్థ 1979లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 2002లో ఐటీసీలో కలిసిపోయింది. ఈ మిల్లు పుణ్యమా అని ఖమ్మం ప్రాంతంలో జామాయిల్, సుబాబుల్ తోటలు విస్తరించాయి.

కాగితం మిల్లు అంటేనే మీటర్ల మయం. గుజ్జు ఎంత చిక్కగా ఉంది, ఆవిరి ఎంత ఒత్తిడిలో ఉంది, ఏ మోటారు ఎంత కరెంటు లాగుతోంది... అన్నీ అంకెల్లో కనిపిస్తూనే ఉండాలి. చిమ్నీలోకి వెళ్లే పొగలోంచి ధూళిని లాగేసే ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్లు ఇలాంటి పరిశ్రమల్లో ఉంటాయి. వాటికి వేల వోల్టుల కరెంటును కొన్నిచోట్ల విడతలు విడతలుగా ఇస్తారు. కంట్రోల్ ప్యానెల్ మీద కిలోవోల్టులు ఎన్నో, మిల్లీయాంపియర్లు ఎన్నో డిజిటల్ అంకెల్లో కనబడుతూ ఉంటాయి. అలాంటి ఊళ్లో కొలతలు తెలిసినవాళ్లకు కొదవ ఉండదు. ఊరు దాటి నాలుగడుగులు వేస్తే మాత్రం పొలం గట్టు మీద రైతు చేతిలో ఉండేది ఓ టెస్టర్. మహా అయితే ఓ మల్టీమీటర్.

ఆ పొలాలకు ఆవల అడవి. అడవిలోంచి వచ్చే అతిథి అడవిపంది. మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళకు, వేరుసెనగ ఊడలు దిగే వేళకు, వరి ఈనే వేళకు ఎవరు చెబుతారో ఏమో, గుంపుగా దిగిపోతుంది. తినేది కొంత, తొక్కి పాడుచేసేది కొండంత. మంచె మీద రాత్రంతా డబ్బాలు వాయించే ఓపిక ఎన్నాళ్లుంటుంది? చీరలు కట్టారు, దిష్టిబొమ్మలు పెట్టారు, టపాసులు కాల్చారు. పంది నాలుగు రోజులు భయపడుతుంది, అయిదో రోజు అలవాటు పడిపోతుంది. మొక్కజొన్న చుట్టూ ఆముదం నాలుగు సాళ్లు వేస్తే కొంత మేలని రాజేంద్రనగర్ శాస్త్రవేత్తలు చెప్పారు. ఇవన్నీ అయ్యాక మిగిలేది తీగ.

రెండు తీగలు... చూడ్డానికి ఒకటే

చిక్కంతా ఇక్కడే. పొలం చుట్టూ కట్టే జీఐ తీగ ఒకటే, గుంజలు ఒకటే. దానికి వెనకాల ఏం తగిలించారన్నదే తేడా.

మోటారు స్టార్టర్ నుంచో, పైన పోయే లైన్‌కు కొక్కెం వేసో 230 వోల్టుల కరెంటును నేరుగా తీగలోకి వదిలేసేవాళ్లు ఉన్నారు. పంటను కాపాడుకోవడానికి కొందరు, మాంసం కోసం ఇంకొందరు. ఆ తీగకు పందీ మనిషీ ఒకటే. తెల్లారకముందే నీళ్లు పెట్టడానికి వెళ్లిన రైతులు, పశువుల్ని వెతుక్కుంటూ వెళ్లిన కాపరులు, ఒక్కోసారి ఆ తీగ పెట్టినవాళ్లే చనిపోయిన వార్తలు అటవీ జిల్లాల పేజీల్లో వస్తూనే ఉన్నాయి. 2024 ఫిబ్రవరిలో జయశంకర్ భూపాలపల్లి జిల్లా కాటారం అడవుల్లో గాలింపుకు వెళ్లిన గ్రేహౌండ్స్ జవాను ఒకరు వన్యప్రాణుల కోసం అమర్చిన ఇలాంటి తీగకే బలైపోయారు.

‘ఫ్యూజ్ కొట్టేస్తుందిలే’ అని ధైర్యం చెప్పుకునేవాళ్లూ ఉంటారు. కొట్టేయదు. లెక్క చూడండి. మనిషి శరీరం కరెంటుకు సుమారు వెయ్యి ఓమ్‌ల అడ్డు చూపిస్తుందనుకుందాం. 230 వోల్టులు తగిలితే ఒంట్లోంచి పోయే కరెంటు 0.23 యాంపియర్లు. అంటే పాతకాలం 60 వాట్ల బల్బు తాగేదానికన్నా తక్కువే! అయిదు హార్స్‌పవర్ల మోటారును మోసే ఫ్యూజుకు అదో లెక్కా? బల్బు వెలిగిందనుకుని ఊరుకుంటుంది. గుండెకు మాత్రం అందులో సగం చాలు, అదుపు తప్పడానికి. పైగా సెకనుకు యాభై సార్లు అటూ ఇటూ ఊగే ఈ కరెంటు కండరాలను బిగించేస్తుంది. పట్టుకున్న చెయ్యి వదలదు. ఇళ్లలో పెట్టుకునే ప్రాణరక్షక స్విచ్‌లు (ఆర్‌సీసీబీలు) 30 మిల్లీయాంపియర్లకే ఎందుకు పడిపోతాయో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. పొలం తీగకు అలాంటి స్విచ్ ఎవరు పెడతారు?

ఇక రెండో తీగ. దాని వెనక ఎనర్జైజర్ అనే పెట్టె ఉంటుంది. సోలార్ ప్యానెల్ పగలంతా 12 వోల్టుల బ్యాటరీని నింపుతుంది. పెట్టె ఆ బ్యాటరీ నుంచి కాస్త కాస్త తీసుకుని ఓ కెపాసిటర్‌లో కూడబెడుతుంది. సరిగ్గా సెకను దాటగానే ఆ కూడబెట్టినదంతా ట్రాన్స్‌ఫార్మర్ గుండా ఒక్క ఉదుటున తీగలోకి విసురుతుంది. అయిదువేలు, ఏడువేలు, కొన్నిటిలో తొమ్మిదివేల వోల్టులు! కానీ ఎంతసేపు? సెకనులో పదివేలో వంతు, అంతకు కొద్దిగా అటూ ఇటూ. కనురెప్ప ఒకసారి మూసి తెరిచేలోగా ఇలాంటి పల్సులు వెయ్యికి పైనే పట్టేస్తాయి. కానీ వచ్చేది ఒక్కటే. ఆ తర్వాత సెకను పాటు తీగ చచ్చిన పాములా పడి ఉంటుంది. తాకిన జంతువు అదిరిపడి వెనక్కి దూకడానికి ఆ విరామం చాలు.

ఈ పెట్టెలకు అంతర్జాతీయ ప్రమాణం ఉంది. సెకనుకు ఒకటికి మించి పల్స్ ఇవ్వకూడదు. పల్స్ సెకనులో వందో వంతుకు మించి ఉండకూడదు. శక్తిని బట్టి హద్దు పెట్టే రకం పెట్టె అయితే 500 ఓమ్‌ల అడ్డు మీద ఒక్కో పల్సులో అయిదు జౌళ్లు దాటకూడదు. ఇందాకటి 230 వోల్టుల తీగ సంగతేంటి? అది ఒంట్లోకి సెకనుకు యాభై జౌళ్లకు పైగా దింపుతుంది. విరామం లేకుండా! వోల్టులు చూస్తే ఇక్కడ వేలు, అక్కడ 230. చంపేది మాత్రం 230.

అలాగని రెండో తీగతో ఆటలాడుకోవచ్చని కాదు. తలకు తగిలితే ప్రమాదం. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, పసిపిల్లలు దూరంగా ఉండాల్సిందే. దారి పక్కనుంచి వెళ్లే కంచెకు పసుపుపచ్చ హెచ్చరిక బోర్డులు కట్టాల్సిందే. పాత మోటార్‌సైకిల్ ఇగ్నిషన్ కాయిల్‌తోనో, ఇంటి కరెంటుకు చోక్ తగిలించో ఎవరో చేసిచ్చిన పెట్టె ఈ హద్దుల్లో ఉందని చెప్పేవాళ్లే లేరు. తయారీ ప్రమాణం ముద్ర లేని పెట్టె ఎంత చవకైనా వద్దు.

సగటు లెక్కలో వరద కనిపించదు

ఇప్పుడు మీటర్ సంగతి. చవకగా దొరికే డిజిటల్ మల్టీమీటర్ సెకనుకు రెండు మూడు సార్లు లెక్క చూస్తుంది. చూసిన ప్రతిసారీ ఆ కాస్త సమయంలో లోపలికి వచ్చిన వోల్టేజీనంతా కూడి, సగటు తీసి అంకెగా మారుస్తుంది. ఇది లోపం కాదు, కావాలని చేసిన ఏర్పాటు. అలా సగటు తీస్తేనే చుట్టుపక్కల కరెంటు తీగల గోల కలిసిపోకుండా అంకె నిలకడగా కనిపిస్తుంది.

అయిదువేల వోల్టులు సెకనులో పదివేలో వంతు సేపు ఉండి పోతే, సెకను మొత్తం మీద సగటు ఎంత? అర వోల్టు! మీటర్ మూడుసార్లు చూస్తే రెండుసార్లు పల్సే కనిపించదు. మూడోసారి ఓ అంకె మెరిసి మాయమవుతుంది. మేకకు తెలిసింది అయిదువేలు, మీటర్‌కు తెలిసింది అర.

భద్రాచలం, సారపాక వాళ్లకు ఇది అర్థం కావడానికి గోదావరి కన్నా మంచి ఉదాహరణ ఉండదు. వానాకాలం వస్తే వాళ్ల నోట అడుగుల లెక్కలే. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు. 2022 జులైలో 71.3. ఏడాది పొడవునా గోదావరి ఎత్తును కూడి 365తో భాగించి ‘ఈ సంవత్సరం సగటు నీటిమట్టం ఇంత’ అని ఎవరైనా చెబితే ఏం తెలుస్తుంది? ఊరు మునిగిందన్న సంగతి అందులో ఎక్కడా ఉండదు. వరద పోయాక గోడ మీద మిగిలిన గీతే అసలు సంగతి చెబుతుంది. ‘నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయి’ అని ఇల్లు చూపిస్తుంది.

పల్సును కొలిచే మీటర్ చేసేదీ అదే. గోడ మీద గీత గీస్తుంది. ముందు కొన్ని పెద్ద రెసిస్టర్ల వరసతో వేల వోల్టులను తట్టుకోగలిగినంతకు తగ్గిస్తుంది. తర్వాత ఓ డయోడ్ గుండా చిన్న కెపాసిటర్‌లోకి పంపుతుంది. పల్స్ శిఖరం దాకా కెపాసిటర్ నిండుతుంది. పల్స్ వెనక్కి పోయినా డయోడ్ తలుపులా అడ్డం పడి, నిండినదాన్ని వెనక్కి పోనివ్వదు. ఇక తొందరేముంది? లోపలి చిప్ తీరిగ్గా ఆ వోల్టేజీ చదివి ‘6.2’ అని తెర మీద చూపిస్తుంది. అంటే 6.2 కిలోవోల్టులు. తర్వాతి పల్స్ వచ్చేదాకా ఆ అంకె అలాగే నిలబడుతుంది. ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలకు ఇది పీక్ డిటెక్టర్ అని పాఠమే. సెకనులో పదివేలో వంతు ఉండే సంగతిని కంటికి ఆనేలా ఓ సెకను పాటు పట్టి ఉంచడమే దాని గొప్పతనం.

కంచె మీద మామూలు మల్టీమీటర్ పెట్టడం వృథానే కాదు, తప్పు కూడా. దాని హద్దు 600 నుంచి వెయ్యి వోల్టులు. అయిదువేలు తగిలితే మీటర్ కాలిపోతుంది, లేదంటే ప్రోబ్ పట్టుకున్న చేతికే షాక్. స్క్రూడ్రైవర్ టెస్టర్ సంగతీ అంతే. పచ్చి గడ్డిపరకతో తీగను తాకి చూసే అలవాటు కొందరికుంది. జివ్వుమందా, లేదా అన్నది దాంతో తెలుస్తుందేమో గానీ రెండువేలో ఆరువేలో తెలియదు. రెండువేలకు అడవిపంది జడవదు. బిరుసు వెంట్రుకల ఒళ్లు దానిది. తీగ మీద నాలుగువేలకు పైన ఉంటే మేలు. అదీ దాని ముట్టె ఎత్తుకు... ఒక తీగ జానెడు ఎత్తున, మరొకటి మోకాలి ఎత్తున.

ఒకే కరెంటు, మూడు అంకెలు

వోల్టుల సంగతి అలా ఉంచి కరెంటుకు వద్దాం. ఇది ఇంకా తమాషాగా ఉంటుంది. 500 ఓమ్‌ల అడ్డులోంచి అయిదు యాంపియర్ల పల్స్ సెకనులో పదివేలో వంతు సేపు పోయిందనుకుందాం. అలా సెకనుకు ఒకటి. ఈ కరెంటు ఎంత అని అడిగితే మూడు జవాబులున్నాయి. శిఖరం చూసే మీటర్ ‘5 యాంపియర్లు’ అంటుంది. సగటు చూసేది ‘అర మిల్లీయాంపియర్’ అంటుంది. ఎంత వేడి పుట్టిందన్న లెక్కన చూసే ట్రూ ఆర్‌ఎంఎస్ రకం మీటర్ ‘50 మిల్లీయాంపియర్లు’ అంటుంది, దాని వేగం ఆ పల్సును అందుకోగలిగితే. మొదటి అంకెకూ రెండో అంకెకూ తేడా పదివేల రెట్లు. మూడూ నిజమే!

ఏది కావాలన్నది పనిని బట్టి ఉంటుంది. జంతువుకు తగిలే దెబ్బ ఎంతో తెలియాలంటే శిఖరం చూడాలి. తీగ, పరికరం వేడెక్కుతాయా అంటే ఆర్‌ఎంఎస్. బ్యాటరీ రాత్రంతా వస్తుందా అంటే సగటు. అందుకే ఆ మామూలు మల్టీమీటర్‌ను అవతల పారేయనక్కర్లేదు. బ్యాటరీ కొలవడానికి అదే సరైనది. నిండిన 12 వోల్టుల బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నప్పుడు సుమారు 12.6 చూపించాలి. 12కు దిగువకు పడిపోయిందంటే ప్యానెల్ మీద దుమ్మైనా పట్టి ఉండాలి, బ్యాటరీ అయినా ముసలిదై ఉండాలి. సారపాక లాంటి చోట ప్యానెల్ మీద చెట్టు నీడ ఎప్పుడు పడుతోందో కూడా చూసుకోవాలి.

ఇది పొలానికే పరిమితమైన సంగతీ కాదు. ఇంట్లో ఫోన్ ఛార్జర్, ఎల్‌ఈడీ బల్బు, టీవీ... ఇవేవీ పాత బల్బులా నింపాదిగా కరెంటు తాగవు. కరెంటు అల శిఖరానికి చేరిన క్షణంలో ఓ గుక్క, మళ్లీ కిందికి దిగిన శిఖరం దగ్గర ఓ గుక్క. సెకనుకు వంద గుక్కలు. ఎలక్ట్రీషియన్ మెడలో వేసుకు తిరిగే చవక రకం టాంగ్ టెస్టర్ అల గుండ్రంగా, పద్ధతిగా ఉందనుకుని సగటును 1.11తో హెచ్చవేసి చూపిస్తుంది. గుక్కల కరెంటు దగ్గర ఆ లెక్క తప్పుతుంది. ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. వైరు మాత్రం అసలు లెక్క ప్రకారమే వేడెక్కుతుంది. కొత్త షాపులో, ఆఫీసులో వైరింగ్ చేయించేవాళ్లు ‘అన్నా, నీ టాంగ్ టెస్టర్ ట్రూ ఆర్‌ఎంఎస్సేనా?’ అని ఒక్క మాట అడిగి చూడవచ్చు. అడిగితే నొచ్చుకునే రోజులు పోయాయి.

కారు గోక్కున్న గుర్రం

ఈ పల్స్ కంచె వెనక ఓ గుర్రం ఉంది. 1930ల్లో న్యూజిలాండ్‌లో బిల్ గాలఘర్ అనే రైతు కారుకు ఆయన గుర్రం వచ్చి ఒళ్లు రుద్దుకునేదట. విసుగొచ్చి, కారు కదిలితే మాగ్నెటో నుంచి గుర్రానికి చిన్న షాక్ తగిలేలా ఏర్పాటు చేశాడట. గుర్రం మళ్లీ అటు రాలేదు. ఆ చిలిపి పని తర్వాత పెద్ద కంపెనీ అయింది. అయితే తొలి రోజుల కంచెలకు ఒక జబ్బు ఉండేది. గడ్డి పెరిగి తీగకు తగిలితే చాలు, బలమంతా నేలలోకి కారిపోయేది. 1962లో అదే దేశంలో డగ్ ఫిలిప్స్ కెపాసిటర్‌లో కూడబెట్టి ఒక్కసారిగా వదిలే పద్ధతి కనిపెట్టాడు. చాలా తక్కువ సమయంలో అంత బలం వచ్చిపడితే గడ్డి తాగేది తాగినా జంతువుకు మిగిలేది మిగులుతుంది. నేటి పెట్టెలన్నీ ఆ దారివే.

డిజిటల్ వోల్ట్ మీటర్ వయసు కూడా పెద్దది కాదు. 1952లో అమెరికాలో ఆండ్రూ కే తయారుచేశాడు. అంతకు ముందు ముల్లు ఊగే మీటర్లే. అవి పల్స్ దగ్గర ఉలిక్కిపడి ఆగిపోయేవి. ముల్లు కదలడానికి బరువుంది కదా, సెకనులో పదివేలో వంతులో ఎక్కడికి పోతుంది!

లీకు ఎక్కడుందో చెప్పే బాణం గుర్తు

కంచె వోల్టేజీ పడిపోయింది. తప్పు ఎక్కడుంది? రెండెకరాల చుట్టూ నడిచినా తీగ మొత్తం ఒకేలా కనిపిస్తుంది. వానాకాలంలో తీగ కింద గడ్డి రెండు వారాల్లో మోకాలెత్తు లేస్తుంది. ఎక్కడో ఇన్సులేటర్ పగిలి తీగ ఇనుప గుంజకు ఆనుకుని ఉంటుంది. ఎక్కడో విరిగిన జామాయిల్ కొమ్మ.

ఈ పని కోసమే పల్స్ కరెంటును కొలిచే చేతిమీటర్లు వచ్చాయి. ఫాల్ట్ ఫైండర్ అంటారు. దాని గాడిని తీగకు ఆనిస్తే చాలు. పల్స్ పోయేటప్పుడు తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా లేచి పడుతుంది. మీటర్‌లోని కాయిల్ దాన్ని పట్టుకుంటుంది. శిఖరాన్ని నిలిపి, యాంపియర్లలో చూపిస్తుంది. పక్కన బాణం గుర్తు... కరెంటు ఎటు పారిపోతోందో ఆ దిక్కు చూపిస్తూ.

ఉదాహరణకు పెట్టె దగ్గర 12 యాంపియర్లు చూపించిందనుకోండి. మంచి కంచెకు అది చాలా ఎక్కువ. ఎవరూ తాకని తీగలో కొద్దిగా కరెంటు ఉండటం మామూలే. పొడవాటి తీగ, కింద నేల కలిసి ఓ కెపాసిటర్‌లా నిండుతాయి కాబట్టి. కానీ 12 అంటే ఎక్కడో గండి పడ్డట్టే. బాణం చూపిన వైపు నడవాలి. తూర్పు మూల దగ్గర 11. బోరు దగ్గర 11. గేటు దాటాక చూస్తే రెండు! అంటే బోరుకూ గేటుకూ మధ్యే ఉంది దొంగ. వెనక్కి నడుస్తూ పది అడుగులకోసారి చూస్తే అంకె ఎక్కడ పడిపోతే అక్కడే లీకు. కాలువలో నీళ్లు ఎక్కడ తగ్గాయో చూసి గండి పట్టుకునే రైతుకు ఈ విద్య కొత్తగా నేర్పాల్సిన పనిలేదు. వోల్టేజీ మాత్రం చూస్తే ఇలా దొరకదు. అది కంచె మొత్తం మీద దాదాపు ఒకేలా పడిపోతుంది. కరెంటును అనుసరిస్తేనే దారి తెలుస్తుంది.

మరి సమస్యల్లా ఏమిటంటే, ప్యానెల్, బ్యాటరీ, పెట్టె, తీగ, ఇన్సులేటర్లు అన్నీ కట్టగట్టి ఇస్తారు గానీ ఈ మీటర్ చాలాసార్లు ఆ కట్టలో ఉండదు. కొన్ని పెట్టెల మీదే డిజిటల్ తెర ఉంటుంది, ‘7.8’ అని చూపిస్తుంది కూడా. అది పెట్టె గుమ్మం దగ్గరి వోల్టేజీ. అడవి వైపు చివరి గుంజ దగ్గర ఎంతుందో దానికి తెలియదు. పంది వచ్చేది ఆ చివరి నుంచే! మీటర్ లేని రైతు రెండు వారాలు చూస్తాడు. పందులు దాటుతూనే ఉంటాయి. ‘ఈ ఝట్కా మనకు పనికిరాదు మామా, నేరుగా తగిలించెయ్’ అనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. గడ్డి కోస్తే పోయే జబ్బుకు మనిషి ప్రాణం మీదికి వచ్చే మందు అన్నమాట. కంచె కొనేటప్పుడే మీటర్ కూడా అడగడం, కొనే స్థోమత లేకపోతే నలుగురు రైతులు కలిసి ఒకటి కొనుక్కోవడం పెద్ద ఖర్చు కాదు. లైన్‌కు కొక్కెం వేస్తే 2003 విద్యుత్ చట్టం కింద మూడేళ్ల దాకా జైలు. జంతువు చస్తే 1972 వన్యప్రాణి రక్షణ చట్టం. మనిషి పోతే ఆ కేసు వేరే.

నేల తడిసిందా లేదా?

వేసవిలో మరో చిక్కు. తీగలో లీకు లేదు, పెట్టె బాగుంది, అయినా జంతువుకు దెబ్బ తగలడం లేదు. తీగలోంచి జంతువులోకి, దాని గిట్టల్లోంచి నేలలోకి, నేలలోంచి ఎర్త్ రాడ్‌కు, అక్కడి నుంచి పెట్టెకు... ఇలా చుట్టు పూర్తయితేనే దెబ్బ. మే నెల ఎండకు నేల బీటలు వారితే ఆ తిరుగుదారి మూసుకుపోతుంది. ఒక్క రాడ్ అడుగు లోతున దింపి వదిలేసిన కంచెలు అప్పుడే చేతులెత్తేస్తాయి.

దీన్నీ మీటర్‌తోనే పట్టుకోవచ్చు. పెట్టె ఆపేసి, వంద మీటర్ల అవతల ఓ ఇనుప కడ్డీని నేలలో దించి తీగకు ఆనించాలి. అంటే కావాలనే లీకు పెట్టడం. తర్వాత పెట్టె వేసి తీగ వోల్టేజీ రెండువేలకు పడిపోయిందో లేదో చూసుకోవాలి. పడకపోతే పెట్టె ఆపి మరో కడ్డీ కలపాలి. ఇప్పుడు పల్స్ మీటర్ ఒక కొనను ఎర్త్ రాడ్‌కు, రెండో కొనను దానికి మీటరు దూరంలో నేలలో గుచ్చిన చిన్న మేకుకు తగిలించాలి. ఎర్త్ బాగుంటే అక్కడ ఏమీ ఉండకూడదు. 300 వోల్టులు దాటి చూపిస్తే ఎర్త్ చాలనట్టు. ఇంకో రాడ్ దింపాలి. ఆరడుగుల రాడ్లు మూడు, ఒక్కోదానికీ మూడు మీటర్ల ఎడం ఇచ్చి వేస్తే చాలా నేలలకు సరిపోతుంది. బోరు నీళ్లు పారే చోటో, కాలువ గట్టు కిందో వేసుకుంటే ఇంకా మంచిది. ఇంటి కరెంటు ఎర్త్‌కు మాత్రం ఎప్పుడూ కలపకూడదు. పదిమీటర్ల దూరమైనా ఉండాలి.

అలవాటున్న రైతులు సాయంత్రం పొద్దుగూకే ముందు రెండు చోట్ల చూస్తారు... పెట్టె దగ్గర ఒకసారి, అడవి వైపు చివర ఒకసారి. రెండంకెలూ గోడ మీదో, పాత క్యాలెండర్ వెనకో రాసుకుంటారు. రెండింటి మధ్య తేడా రోజురోజుకూ పెరుగుతుంటే తీగ కింద గడ్డి పెరుగుతోందన్నమాట. కొడవలి తీయాల్సిన రోజు ఆ అంకెలే చెబుతాయి. గడ్డి కోయడానికి దిగే ముందు పెట్టె ఆపాలి. ఆపాక తీగ మీద మీటర్ పెట్టి మరీ చూసుకోవాలి. ఈసారి సున్నా వస్తే మాత్రం నమ్మవచ్చు. అయితే రెండు మూడు సెకన్లు ఆగి చూడాలి, పల్సుకూ పల్సుకూ మధ్య సెకను విరామం ఉంటుంది కాబట్టి. పంట చేతికొచ్చాక మీటర్‌ను అటక మీద పెట్టేటప్పుడు అందులోని బ్యాటరీ తీసేయాలి. అది కారితే వచ్చే ఏడాదికి మీటర్ ఉండదు.